ఆయాసం వస్తుందని మంచానికే పరిమితం చేయకండి

ప్రశ్న: మేడమ్, మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా మామకు 66 ఏళ్లు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఏళ్ల తరబడి హమాలీ పని చేశాడు. బీడీలు బాగా తాగేవాడు. పోయిన నెల దమ్ము ఎక్కువై దవాఖానలో చేర్పిస్తే ఐసీయూలో ముఖానికి మాస్కు బిగించి గాలి ఇచ్చారు. సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకై ఊపిరితిత్తులు దెబ్బతినే జబ్బు) అన్నారు. ఇంటికొచ్చి రెండు వారాలైంది. ఆక్సిజన్ మిషన్ అద్దెకు తెచ్చాం, రెండు లీటర్లు పెట్టమన్నారు. నోటితో పీల్చే పంపులు (ఇన్‌హేలర్లు) రెండు రకాలు రాశారు. బాత్రూమ్‌కు పోయి వచ్చేసరికి రొప్పుతున్నాడని భయపడి అన్నీ మంచం దగ్గరికే అందిస్తున్నాం. వేలికి పెట్టే మీటర్ 89, 90 చూపిస్తే మా ఆయన రాత్రిపూట నాలుగు లీటర్లకు పెంచుతున్నాడు. కరెంటు పోతే ఇంట్లో అందరికీ టెన్షన్. డిశ్చార్జి కాగితంలో చివర ‘పల్మనరీ రిహాబిలిటేషన్’ అని ఉంది. అదేంటో ఎవరూ చెప్పలేదు. దానికి హైదరాబాద్ పోవాలా? మామ మళ్లీ నడుస్తాడా?
– ఒక కోడలు, దేవరకొండ దగ్గర నుంచి

జవాబు: నడుస్తాడమ్మా. మునుపటిలా బస్తాలు మోయలేకపోవచ్చు గానీ, తన స్నానం తను చేసుకుని, వాకిట్లో నలుగురితో కూర్చుని, వాడకట్టు చివరిదాకా పోయి రావడానికి అవకాశం బాగానే ఉంది. అందుకోసం హైదరాబాద్‌లో మకాం పెట్టక్కర్లేదు. అయితే ఇంటికొచ్చాక మొదటి నాలుగు వారాలు చాలా ముఖ్యం. ఆ లోపు వ్యాయామం మొదలుపెట్టినవాళ్లు మళ్లీ దవాఖానలో చేరాల్సి రావడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. మీకు అందులో సగం గడిచిపోయింది. అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను. మీ ఆయనకు కూడా చదివి వినిపించండి.

నేను ఫిజియోథెరపిస్టుని. నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి పేషెంట్ల ఇళ్లకు వెళ్తుంటాను. పోగానే మొదట మంచం చుట్టూ ఏముందో చూస్తాను. నీళ్ల చెంబు, ఉమ్మే డబ్బా, మందుల కవరు, తువ్వాల, సెల్‌ఫోను, ఒక్కోచోట మూత్రం పోసే డబ్బా కూడా చెయ్యి చాపితే అందేలా పెట్టి ఉంటాయి. ప్రాణంగా చూసుకునే ఇళ్లలోనే ఇలా ఉంటుంది. లుంగీ కొంచెం పైకి జరపమని తొడ మీద చెయ్యి వేసి చూస్తే కండ జారిపోయి, తోలు వదులుగా ఉంటుంది. ఐసీయూలో కొద్ది రోజులు కదలకుండా పడుకుంటేనే తొడ కండ తగ్గిపోతుంది. జబ్బు ముదిరినప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల ఇంకొంత పోతుంది. కాళ్లలో బలం లేని మనిషికి బాత్రూమ్ దాకా నడవడమే పెద్ద పని. ఆయాసం వస్తుంది, భయమేస్తుంది, మళ్లీ పడుకుంటాడు, కండ ఇంకా తగ్గుతుంది. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది ఇదే.

డిశ్చార్జి కాగితంలోని ఆ చివరి లైను దీని కోసమే. పల్మనరీ రిహాబిలిటేషన్ అంటే ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు, కొలత ప్రకారం కాళ్లకూ చేతులకూ వ్యాయామం చేయించడం, ఊపిరి తీసుకునే పద్ధతి నేర్పడం, పంపులు సరిగ్గా వాడుతున్నారో లేదో చూడడం, తిండి, భయం, పొగ గురించి ఇంట్లోవాళ్లతో మాట్లాడడం. ఊపిరితిత్తుల్లో పాడైన భాగాన్ని ఇది బాగుచేయదు. ఉన్న ఊపిరితోనే ఎక్కువ దూరం నడిచే బలం ఇస్తుంది. ఇంట్లో చేసినా, సరిగ్గా నేర్చుకుని చేస్తే దవాఖానలో చేసినంత ఫలితం ఉంటుంది. ఒక్కసారి మాత్రం నల్లగొండ ప్రభుత్వ జనరల్ హాస్పిటల్‌లో గానీ, మీకు దగ్గర్లో ఉన్న ఫిజియోథెరపిస్టు దగ్గర గానీ చూపించండి. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తున్నాడు, నడిచేటప్పుడు ఆక్సిజన్ ఎంతకు పడిపోతోంది అని కొలుస్తారు. దాన్ని బట్టే ఎంత చేయించాలో తెలుస్తుంది.

ఇప్పుడు ఆ నాలుగు లీటర్ల సంగతి. ఇలా పెంచడం ఈ రాత్రి నుంచే ఆపాలి. ఐసీయూలో మాస్కు పెట్టి గాలి ఇచ్చారంటే, ఆయన ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ఉండవచ్చు. సీఓపీడీలో అలాంటివాళ్లకు ఆక్సిజన్ అవసరానికి మించి ఇస్తే ఆ కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరుగుతుంది. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మత్తుగా ఉండడం, పిలిస్తే ఆలస్యంగా పలకడం, పొంతన లేని మాటలు దాని గుర్తులు. సీఓపీడీ ఉన్నవాళ్లకు మీటర్‌లో సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉండేలా చూస్తారు. అంటే మిమ్మల్ని భయపెడుతున్న ఆ 89, 90 ఆయనకు సరిపోయే అంకెలే. డాక్టర్ వేరే అంకె చెప్పి ఉంటే అదే పాటించండి. మీటర్ పెట్టే ముందు వేలు వెచ్చగా రుద్దండి, గోరింటాకు లేని వేలు చూడండి, అంకె కుదురుకునేదాకా అర నిమిషం ఆగండి.

ఇంకో మాట. ఆయాసం వేరు, ఆక్సిజన్ తగ్గడం వేరు. మామ రొప్పుతున్నా మీటర్ 91 చూపించవచ్చు. అప్పుడు ఆక్సిజన్ పెంచినా ఆయాసం తగ్గదు. తగ్గించేది కూర్చునే తీరు, గాలి వదిలే తీరు. కుర్చీలో ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి, భుజాలు వదిలేసి కూర్చోబెట్టండి. ముక్కుతో మెల్లగా గాలి తీసుకుని, పెదాలు సన్నగా చేసి నోటితో నెమ్మదిగా వదలాలి. లోపలికి రెండు అంకెలు లెక్కపెడితే బయటికి నాలుగు. ఈ జబ్బులో గాలి లోపలే చిక్కుకుపోతుంది. నిదానంగా వదిలితే గాలి గొట్టాలు మూసుకుపోకుండా ఉండి, పాత గాలి బయటికి పోతుంది. పక్కన నిలబడి ‘గట్టిగా పీల్చు’ అని అరవకండి, ‘మెల్లగా వదులు’ అనండి. కపాలభాతి లాంటివి ఇప్పుడు వద్దు.

వ్యాయామం ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. తిన్నాక గంట గంటన్నర ఆగండి. ఆయాసం వచ్చినప్పుడు వాడే పంపు రాసి ఉంటే, డాక్టర్ని అడిగి వ్యాయామానికి పది పదిహేను నిమిషాల ముందు తీసుకోనివ్వండి. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు ఉండగానే చేయాలి. నులక మంచం మీద కాదు, అది కుంగుతుంది. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చోబెట్టండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మడమలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి ఉండాలి. ముక్కుతో గాలి తీసుకోమనండి. ముందుకు వంగి లేస్తున్నప్పుడు నోటితో వదలాలి. చాలామంది లేచేటప్పుడు ఊపిరి బిగపడతారు, ఆ ఒక్క అలవాటు మానితేనే సగం ఆయాసం తగ్గుతుంది. నిలబడి ఒక ఊపిరి తీసుకుని, దబ్బున కూలబడకుండా మెల్లగా కూర్చోవాలి. మొదట్లో ఐదుసార్లు చాలు. చేతులు కుర్చీ పిడికి ఆనించినా పర్లేదు. తర్వాత లీటరు నీళ్ల బాటిళ్లు రెండు చేతుల్లో పట్టుకుని మోచేయి మడుస్తూ చాపుతూ చేయించండి.

నడక ఇంట్లోనే. గొట్టం ఎంత దూరం పోతే అంత. కాళ్లకు అడ్డం పడకుండా మీరు వెనక పట్టుకోండి. రెండు నిమిషాలు నడిచి, కూర్చుని, మళ్లీ రెండు నిమిషాలు. ఇలా ఆగి ఆగి పది నిమిషాలైతే మొదటి వారానికి చాలు. తర్వాత వారం వారం పెంచుతూ అరగంట దాకా తీసుకుపోవచ్చు. ఆయాసం ఎంత ఉందో సున్నా నుంచి పది దాకా చెప్పమనండి. మూడు నాలుగు ఉండాలి. అంటే ఆయాసం వస్తుంది, రావాలి కూడా, కానీ చిన్న మాట చెప్పగలగాలి. మీటర్ 88 కంటే కిందికి పోతే కూర్చోబెట్టి ఊపిరి కుదురుకోనివ్వండి. ప్రతిసారీ అలాగే పడిపోతుంటే నడిచేటప్పుడు ఎన్ని లీటర్లు పెట్టాలో డాక్టర్‌నే అడగండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, జ్వరం ఉన్న రోజు ఏదీ వద్దు. ఇప్పటినుంచి నీళ్ల చెంబు, ఫోను గదికి అవతలి వైపు పెట్టండి. మూత్రం డబ్బా రాత్రికి మాత్రమే.

మిషన్ గురించి కొన్ని ముఖ్యమైన విషయాలు. అది గాలిలోని నత్రజనిని వడగట్టి ఆక్సిజన్‌ను ఇస్తుంది. కాబట్టి చుట్టూ గాలి ఆడాలి. గోడకు కనీసం అడుగు దూరం జరపండి, పరదాకు ఆనించకండి. వెనక స్పాంజి ఫిల్టర్ వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. నీళ్ల సీసాలో మన బోరు నీళ్లు పోయకండి. మన జిల్లాలో కొన్నాళ్లకే సీసా అడుగున తెల్లటి పొర గట్టిగా పట్టుకుంటుంది, నేను చాలా ఇళ్లలో చూస్తాను. డిస్టిల్డ్ వాటర్ గానీ, కాచి చల్లార్చిన నీళ్లు గానీ పోసి రోజూ మార్చండి. ముక్కు ఎండిపోతే వాసెలిన్, కొబ్బరినూనె రాయవద్దు, ఆక్సిజన్ దగ్గర నూనె పదార్థం అంటుకునే ప్రమాదం ఉంది. మందుల షాపులో నీళ్లతో తయారైన జెల్ దొరుకుతుంది. దీపం, కర్పూరం, అగరుబత్తి, పొయ్యి పది అడుగుల దూరంలో ఉండాలి. గొట్టం ముక్కుకు ఉండగా బీడీ ముట్టిస్తే ముఖం కాలిపోతుంది. ఇది మామకు మొహమాటం లేకుండా చెప్పండి.

అద్దె డబ్బులు దండగని మధ్యాహ్నం మిషన్ ఆపేసేవాళ్లున్నారు. ఇంటి దగ్గర ఎక్కువకాలం ఆక్సిజన్ రాశారంటే నిద్రతో కలిపి రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకుంటేనే ప్రయోజనం. ఇక మంచి మాట ఏంటంటే, జబ్బు ముదిరినప్పుడు మొదలుపెట్టిన ఆక్సిజన్ చాలామందికి తర్వాత అవసరం ఉండదు. రెండు మూడు నెలలకు రక్తంలో ఆక్సిజన్ పరీక్ష చేయించి, ఇంకా కావాలా అని తప్పక అడగండి. అప్పటిదాకా మీకు మీరుగా ఆపవద్దు.

కరెంటు పోయినప్పటి కోసం చిన్న సిలిండర్ ఒకటి ఉంచుకోండి. బీ టైపు సిలిండర్‌లో దాదాపు 1500 లీటర్లు పడుతుంది. నిమిషానికి రెండు లీటర్ల లెక్కన పన్నెండు గంటలు వస్తుంది. నాలుగు పెడితే ఆరు గంటలే. నిలబెట్టి, గుంజకో కిటికీ చువ్వకో తాడుతో కట్టండి. రెగ్యులేటర్ బిగించడం ఇంట్లో కనీసం ఇద్దరికి రావాలి, మీకు తప్పకుండా రావాలి. కరెంటు ఉన్నప్పుడే ఒకసారి చేసి చూడండి. ఆయన కుర్చీలో ముందుకు వంగి కూర్చుని నిదానంగా గాలి వదులుతుంటే మీరు సిలిండర్ బిగించేంత సమయం ఉంటుంది. ఆ మాట ఆయనకు ముందే చెప్పి పెడితే చీకట్లో సగం భయం పోతుంది. లైను చెడితే కరెంటు వాళ్ల నంబరు 1912కు ఫోన్ చేసి ఇంట్లో ఆక్సిజన్ మీద మనిషి ఉన్నాడని చెప్పండి.

పంపులు ఒకసారి మీ ముందు వాడమనండి. గొట్టం డబ్బా బిగించి వాడే పంపైతే మెల్లగా పీల్చి పది అంకెల దాకా బిగబట్టాలి. క్యాప్సూల్ వేసి వాడేదైతే ఒక్క ఊపున బలంగా పీల్చాలి. ఆ క్యాప్సూల్‌ను మాత్రలాగా మింగేస్తున్నవాళ్లు నాకు ఇప్పటికీ కనిపిస్తున్నారు. స్టెరాయిడ్ పంపు తర్వాత నోరు పుక్కిలించి ఊయాలి.

వంట గ్యాస్ మీదే చేస్తారనుకుంటాను. మరి స్నానాల నీళ్లు? మన ఊళ్లలో వాకిట్లో కట్టెల పొయ్యి మీద కాగు ఇప్పటికీ పెడతారు, ఆ పొగ నేరుగా మంచం దాకా వస్తుంది. దోమల చుట్టలు, సాంబ్రాణి కూడా బంద్ చేయండి. కల్లు గురించి కూడా అడగాలి. కల్లులో మత్తుమందులు కలిపి అమ్ముతూ పట్టుబడిన కేసులు మన దిక్కు ఎన్నో ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే మనిషికి మత్తు ఎక్కితే ఊపిరి ఇంకా నెమ్మదిస్తుంది. డాక్టర్ రాయని నిద్రమాత్ర కూడా అంతే. పెరుగు తింటే దమ్ము పెరుగుతుందన్న మాట పట్టించుకోకండి. పెరుగు, గుడ్డు, పప్పు ఆయన కండకు కావాలి. ఒకేసారి కడుపు నిండా కాకుండా ఐదారుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. ఫ్లూ టీకా ఏటా వేయించాలి, న్యుమోనియా టీకా గురించి కూడా డాక్టర్‌ని అడగండి.

ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా, తెమడ ఎక్కువైనా, పచ్చగా మారినా, కాళ్లు వాచినా ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. కూర్చున్నా మీటర్ 88 కంటే కిందే ఉంటే, పెదాలు నీలంగా మారితే, పిలిస్తే సరిగా పలకకపోతే 108కు ఫోన్ చేయండి. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించి రేపు చూద్దామనుకోకండి.

ప్రశ్న: మా నాయినకు 52 ఏళ్లు. పుణెలో, ముంబైలో బిల్డింగు పనులు చేసి వచ్చాడు. టీబీ రెండుసార్లు వచ్చి మందులతో తగ్గింది. మొన్న న్యుమోనియాతో దవాఖానలో ఉండి వచ్చాడు. కుడివైపు కింది భాగంలో గొట్టాలు వెడల్పయ్యాయి, బ్రాంకియెక్టాసిస్ అన్నారు. పొద్దున లేస్తే కప్పు నిండా తెమడ. దగ్గు ఆగడానికి మంచి సిరప్ చెప్పండి.
– జడ్చర్ల నుంచి ఒక కొడుకు

జవాబు: తమ్ముడూ, ఆ దగ్గు ఆపకూడదు. వెడల్పైన గొట్టాల్లో తెమడ నిలిచిపోతే అందులో క్రిములు పెరిగి మళ్లీ న్యుమోనియా వస్తుంది. దగ్గును అణిచే సిరప్ మీ నాయినకు హాని చేస్తుంది. పద్ధతిగా తెమడ బయటికి తీయించండి.

పొద్దున ఏమీ తినకముందు, సాయంత్రం అన్నానికి ముందు పావుగంట చొప్పున చేయాలి. కుడివైపు జబ్బు కాబట్టి ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. పాడైన వైపు పైకి ఉంటే తెమడ పెద్ద గొట్టం వైపు జారుతుంది. కాసేపు మామూలుగా ఊపిరి. తర్వాత మూడు నాలుగు లోతైన ఊపిరులు, ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆపి వదలాలి. మళ్లీ మామూలు ఊపిరి. ఆ తర్వాత నోరు గుండ్రంగా తెరిచి, గొంతు బిగించకుండా ‘హా’ అని గాలిని బలంగా బయటికి నెట్టాలి. ఒకటి రెండుసార్లు అలా చేస్తే తెమడ గొంతు దాకా వస్తుంది, అప్పుడు ఒక్క దగ్గుతో తీసేయవచ్చు. గంటల తరబడి దగ్గి అలిసిపోవడం తప్పుతుంది. ఆవిరి పట్టడం వల్ల పెద్దగా లాభం లేదు, కాలిన కేసులే ఎక్కువ చూస్తాం. ఉప్పునీటి నెబులైజేషన్ (మిషన్‌తో సన్నటి తుంపరగా చేసి పీల్చడం) పనికొస్తుందేమో మీ డాక్టర్‌ని అడగండి.

తెమడలో రక్తం పడితే ఇవన్నీ ఆపి వెంటనే దవాఖానకు తీసుకుపోండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ తెమడ పరీక్ష మళ్లీ చేయించండి, ప్రభుత్వ దవాఖానలో ఉచితమే. పైన రాసిన కుర్చీ వ్యాయామం, నడక మీ నాయినకు కూడా పనికొస్తాయి. ఈ వయసులో ఆయన మళ్లీ పనికి పోవాలని ఆశపడడం న్యాయమే, కానీ సిమెంటు దుమ్ములోకి, రాళ్ల క్రషర్ దగ్గరికి పంపకండి.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. నాకు 61. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లే తాగాం. మెడ తిరగదు, నడుము వంగదు. రెండేళ్లుగా మెట్లెక్కితే ఆయాసం. పంపు రాశారు, ఏమీ తేడా లేదు. పొగ అలవాటు లేదు. ఇది ఊపిరితిత్తుల జబ్బేనా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: కాకపోవచ్చు సార్. ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌లో వెన్నుపూసతో పాటు పక్కటెముకల కీళ్లు కూడా బిగుసుకుంటాయి. ఛాతీ విచ్చుకోకపోతే గాలి తక్కువ పడుతుంది. గొట్టాలు వెడల్పు చేసే పంపు అలాంటప్పుడు పెద్దగా పనిచేయదు. మీరు అద్దం ముందు నిలబడి, రెండు అరచేతులు పక్కటెముకల మీద పెట్టి లోతుగా గాలి తీసుకుని చూడండి. చేతులు దాదాపు కదలకుండా పొట్ట మాత్రమే ముందుకొస్తుంటే నా అనుమానం బలపడుతుంది. స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష చేయించండి. గాలి గొట్టాలు ఇరుకయ్యాయా, ఛాతీ విచ్చుకోవడం తగ్గిందా అన్నది అందులో తెలుస్తుంది. ఈ వయసులో మెట్లెక్కితే ఆయాసం అంటే ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్), రక్తం శాతం కూడా చూడాల్సిందే. ఫ్లోరోసిస్ అని మీరే నిర్ణయించుకుని గుండె సంగతి వదిలేయకండి. కుర్చీలో కూర్చుని, చేతులు నొప్పి లేనంత మేరకు పక్కలకు ఎత్తుతూ గాలి తీసుకోవడం, దించుతూ వదలడం రోజూ చేయవచ్చు. మెడను, నడుమును మాత్రం ఎవరితోనూ బలవంతంగా విరిపించుకోకండి, బిగుసుకున్న వెన్నులో నరాలు నలిగే ప్రమాదం ఉంది. స్పైరోమెట్రీ రిపోర్టు వచ్చాక అందులోని అంకెలతో మళ్లీ రాయండి, దాన్ని బట్టి మిగతా వ్యాయామాలు చెప్తాను.